పెర్ల్ భుజం

మా ఊరి పరిశోధన కేంద్రం మూతపడ్డాక పద్నాలుగు చింపాంజీలు మిగిలాయి. నలభై నిమిషాల దూరంలో ఉన్న జూ వాటిని తీసుకుంటానంది. తొమ్మిది గంటల దూరంలో, అడవి మధ్య ఉన్న చింపాంజీల ఆశ్రమం కూడా తీసుకుంటానంది, కాని అక్కడికి చూడటానికి ఎవరినీ రానివ్వరు. గురువారం సాయంత్రం సభ పెట్టి, జనం మాట విన్నాకే ఓటు వేస్తామని మా కౌంటీ పాలకమండలి వాళ్లు ప్రకటించారు.

నేను ఆశ్రమం పక్షం. లైబ్రరీ నుంచి తెచ్చిన రెండు పుస్తకాల్లో ఒకటిన్నర చదివాను కాబట్టి చింపాంజీల గురించి నాకు తెలియనిదంటూ లేదు. మా ఆయన హోయ్ట్ ఆ కేంద్రంలో పందొమ్మిదేళ్లు వాటి ఆలనాపాలనా చూశాడు. అతన్ని ఒక్క ముక్క అడగాలని నాకు తోచలేదు. సభలో మనిషికి మూడే నిమిషాలని, మైక్రోవేవ్‌కు మూడు నిమిషాలు పెట్టి, అది కూసేలోగా ప్రసంగం ముగించడం సాధన చేశాను. ఖాళీగా తిప్పితే పాడవుతుందని లోపల కప్పు నీళ్లు పెట్టేదాన్ని. ఆ వారం మా ఇంట్లో వేడినీళ్లకు కొదవ లేదు.

సభలో మాట్లాడదలచినవాళ్లు జూకు అనుకూలమో వ్యతిరేకమో కార్డు మీద రాసివ్వాలి. హోయ్ట్ కూడా ఒక కార్డు తీసుకున్నాడు. తొంగిచూశాను. అనుకూలం!

"అదేంటి హోయ్ట్, జూకా?"

"నలభై నిమిషాలే కదా. వారం వారం వెళ్లి పెర్ల్‌ని చూసుకోవచ్చు."

"ఈ ముక్క ఇంట్లో చెప్పొచ్చుగా?"

"చెబుదామనే వచ్చా. నువ్వు మైక్రోవేవ్‌తో మాట్లాడుతున్నావు."

పెర్ల్ ఆ పద్నాలుగు చింపాంజీల్లో ఒకటి, దానికి నలభై రెండేళ్లు. హోయ్ట్ రిటైరయ్యాక కూడా ప్రతి శుక్రవారం దానికి ద్రాక్షపళ్లు పట్టుకెళ్లేవాడు.

అంతలో నన్ను పిలిచారు. అమెరికాలో మా జార్జియా రాష్ట్రపు మర్యాద ప్రకారం ఎవరి తాలూకో చెప్పుకోకుండా నోరు విప్పకూడదు. మా నాన్న ఎవరో, మాది ఏ చర్చో, సభాధ్యక్షుడు పర్విస్ పెళ్లికి మా అమ్మ కేకు ఎలా చేసిందో చెప్పాను.

"కొబ్బరి కేకు," అన్నాడు పర్విస్ మురిసిపోతూ.

"కాదండీ, నిమ్మకాయ కేకు."

దాని మీద కొంత చర్చ జరిగింది. "కాబట్టి చింపాంజీలు..." అనగానే ఎర్రదీపం వెలిగింది.

"టైమైపోయింది వెల్డా గారూ, కూర్చోండి."

"నేనింకా మొదలే పెట్టలేదు!"

"కేకు సంగతి చక్కగా చెప్పారు."

తర్వాత హోయ్ట్ లేచి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా పేరు హోయ్ట్. పెర్ల్ తాలూకు."

ఎవరూ నవ్వలేదు.

"పోయిన శనివారం జూకి వెళ్లొచ్చాను." చేపలు పట్టడానికి వెళ్లాడనుకున్నాను నేను. "పిల్లా పెద్దా అందరూ బోను అద్దానికి చెయ్యి ఆనిస్తున్నారు. ఎవరైనా చెయ్యి చాపితే పెర్ల్ ఏం చేస్తుందో తెలుసా? భుజం తిప్పి కటకటాలకు ఆనిస్తుంది. సూది వేస్తారని. నేనే నేర్పాను. సూదికో ద్రాక్షపండు. అక్కడుంటే పొద్దస్తమానం వచ్చేపోయే వాళ్లందరికీ భుజం ఇస్తూనే ఉంటుంది. వారం నుంచీ ఆ సంగతి తలుచుకోకుండా తప్పించుకు తిరుగుతున్నా, దాన్ని చూసుకోవాలన్న ఆశతో. నా కార్డు మార్చండి."

అతని మూడు నిమిషాలు ఇంకా కాలేదు, పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

నాలుగు ఓట్లతో ఆశ్రమం గెలిచింది. నా ఒకటిన్నర పుస్తకాల ప్రభావమేనని వారం రోజులు చెప్పుకున్నాను. నా ప్రసంగం వెనకవైపు ఇప్పటికీ సరుకుల చీటీలు రాస్తున్నాను.

పెర్ల్‌ను తీసుకెళ్లే వ్యాను కదిలినప్పుడు హోయ్ట్ చెయ్యి ఊపబోయి, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ద్రాక్షపళ్లు కొనే అలవాటు మాత్రం పోలేదు. మొన్న వంటింట్లో నా ఎదుట చెయ్యి చాపాడు, అరచేతిలో ఒక పండు. నాకు తెలియకుండానే భుజం తిప్పాను.

"నీకు సూది అక్కర్లేదులే," అన్నాడు. "మూడు నిమిషాలు మాట్లాడకుండా ఉంటే చాలు."

మైక్రోవేవ్‌లో కప్పు నీళ్లు పెట్టి, మీట నొక్కి, నోరు మూసుకుని కూర్చున్నాను.