పొద్దు దిక్కు నుంచి వచ్చిన రాయి

ఇల్లందు ఊర్ల సునంద టీచరమ్మ పొద్దున లేస్తే ముందు చాయ్ పెట్టుకుంటది. అది తాగుకుంట ఫోన్ తెరిచి, భూమి పక్కనుంచి పోయే గ్రహశకలాలు ఏమున్నయో చూసుకుంటది. వాటిని ఆమె రాళ్లనే అంటది. ఏ రాయి ఎప్పుడు వస్తదో లెక్క కట్టి, సందెవేళ డాబా మీద టెలిస్కోపు పెట్టి, చుక్కల నడుమ అది మెల్లగ జరుగుతుంటే చూసి మురుస్తది.

ఆ లెక్క వాడకట్టు మొత్తానికి కావాలె. ఆమె పెనిమిటి గోపయ్యకు బొగ్గు గనిల బ్లాస్టింగు చేసీ చేసీ చెవులు పోయినయి మరి. రాయి భూమి దగ్గర్నుంచి పోయేటప్పుడు ఆ చెవులు తెరుచుకుంటయి, అది దాటంగనే మూసుకుంటయి.

"రేపు పొద్దుగూకంగ" అని టీచరమ్మ అన్నదంటే చాలు, జనం గోపయ్య చుట్టూ చేరుతరు. పక్కింటి ముత్తక్క తన కోడలి మీద చాడీలన్నీ దాచిపెట్టుకొని తెస్తది. పాత దోస్తు హాతీరాం జోకులు పట్టుకొస్తడు. అన్నీ పాచిపోయినవే! అయినా గోపయ్య కడుపు పట్టుకొని నవ్వుతడు. ఆ నవ్వు చూడనీకే సునంద టెలిస్కోపు వదిలి కిందికి దిగొస్తది.

అసొంటి మనిషి మొగనికి తెల్వకుండ దగ్గు దాస్తున్నది. వానకాలంల పట్టుకున్నది, చలికాలం వచ్చినా వదలలే. మొన్న చేతిరుమాలుకు నెత్తురంటింది. వాళ్లమ్మ గట్లనే దగ్గి దగ్గి పోయింది, అందుకే దవాఖానా అంటే భయం. రాయి వచ్చే పూట బుగ్గన లవంగం పెట్టుకొని గొంతు బిగబట్టుకుంటది.

"గోపయ్యకు చెప్పవే పిల్లా!" అని ముత్తక్క మొత్తుకున్నది.

"ఆయనకు వినపడేదే గింత సేపు. అండ్ల నా దగ్గు ఎందుకక్కా? చెప్పినవంటే నా మీద ఒట్టే" అన్నది సునంద.

ఒక ఆదివారం మధ్యాహ్నం. ఫోన్ల ఏ రాయీ లేదు. గోపయ్య అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నడు. ఎట్లాగూ వినపడదు కదా అని సునంద వంటింట్ల గోడకు ఒరిగి, పేగులు తెగేటట్టు దగ్గింది.

తలెత్తేసరికి గోపయ్య గడపల నిలబడి ఉన్నడు.

"ఎన్ని రోజుల సంది?"

ఆమె అలవాటుగ చెయ్యి ఊపింది, ఏం లేదని.

"చెయ్యి ఊపకు. నాకంతా వినపడ్డది, సునందా."

"ఇయ్యాల రాయి లేదు గదయ్యా..."

"రాయి సంగతి తర్వాత చూద్దువు. నడువు దవాఖానాకు!"

ఆటోల పోతుంటెనే ఆయన చెవులు మూసుకున్నయి. ఆ సాయంత్రం ఫోన్ల వార్త వచ్చింది. సూర్యుడి దిక్కు నుంచి చిన్న రాయొకటి మధ్యాహ్నం దాటిపోయిందట. ఆ వెలుగుల ఏ టెలిస్కోపుకూ చిక్కలే, పోయినంకనే కనుక్కున్నరట. సునంద ఆ నాలుగు ముక్కలే మళ్లీ మళ్లీ చదువుకున్నది.

మర్నాడు డాక్టరమ్మ టీబీ అని తేల్చింది. "ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేది. మందులు విడువకుండ వాడు, నయమైతది" అన్నది.

"ఏమంటున్నది? ఏమంటున్నది?" అని గోపయ్య దవాఖానా అదిరేటట్టు అరిచిండు.

సునంద ఆయన చెవికి నోరు ఆనించి, "బతుకుతనట" అన్నది. "బతుకుతనటయ్యా. నీతోనే ఉంటనట."

గోపయ్యకు ఒక్క ముక్క వినపడలే. నవ్వుతున్న ఆమె మొఖం చూసిండు, ఉన్నకాడనే కూలబడి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు.