తీపి ఊరిలో చేదు టీ

ఆకు మరిగే వాసన.

చేదెక్కిన వాసన. ముక్కుపుటాల్లోకి ముల్లులా దిగే వాసన.

తడిసిన ఇటుక రంగు నీళ్ళు పొడుగాటి గుడ్డ సంచిలోంచి జారి, కింది కూజాలో పడి, పైకి లేచి, మళ్ళీ పడి...

ఏడు సార్లు.

నా మొగుడి కుడిచెయ్యి ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అదొక్కటే.

హాంకాంగ్‌లో ఆ చేతికి పేరుండేది. టాక్సీవాళ్ళు, కూరలమ్ముకునేవాళ్ళు, నల్లకోటు లాయర్లు... అందరూ ఒకే బల్లకి మోచేతులానించి ఆ చెయ్యి కోసం ఎదురుచూసేవాళ్ళు. కామ్‌చుయెన్ టీ అంటే రెండు వీధుల అవతలికి కూడా తెలుసు.

ఇక్కడ, సముద్రం దాటి వచ్చిపడ్డ తైనాన్‌లో, మొదటి రోజే ఒక కాలేజీ పిల్ల ఆ చెయ్యి వంక జాలిగా చూసి అడిగింది:

"అంకుల్, ఇందులో సగ్గుబియ్యం గోళీలు వెయ్యరా?"

నా తలనొప్పి అక్కడ మొదలైంది.

కాదు. అంతకు ముందే మొదలైంది. కాగితాలతో.

ఊరు ఎందుకు వదిలామో ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. మా బిల్డింగులో అప్పటికే సగం కిటికీలు చీకటి. మేమూ ఒక కిటికీ ఆర్పేసి వచ్చాం... అంతే.

"ఇక్కడ ఉండొచ్చు," అన్నారు ఇక్కడి ఆఫీసువాళ్ళు. "కానీ వ్యాపారం పెట్టాలి. మూడేళ్ళు నిజంగా నడపాలి. ఇద్దరు స్థానికులకి పని ఇవ్వాలి. అప్పుడు చూస్తాం."

అప్పుడు చూస్తాం.

ఆ రెండు మాటల మీద మేం కొట్టు కట్టుకున్నాం.

ఆఫీసు కిటికీ వెనకావిడ మా కాగితాలు అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"పాస్‌పోర్టులో కామ్‌చుయెన్. అద్దె కాగితంలో జిన్‌చ్వెన్. ఇద్దరిలో మీ ఆయన ఎవరండీ?"

"ఇద్దరూ ఆయనేనమ్మా. అక్షరాలు అవే. మేం ఒకలా పలుకుతాం, మీరొకలా పలుకుతారు."

"అయితే ఇద్దరూ ఒకరేనని రాసి, ఆయన పేరు చెక్కిన ముద్ర వేయించుకు రండి."

"ఏ పేరు ముద్ర?"

ఆవిడ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"పైవాళ్ళని అడిగి చెప్తాను," అంది.

రెండు నెలలు అడుగుతూనే ఉంది.

ఆ రెండు నెలలూ కొట్టు మూసే ఉంది. కొత్త బల్లలు అట్టపెట్టెల్లో. పొయ్యి మీద ప్లాస్టిక్ కాగితం. బన్నుల ఓవెను పొగగొట్టం వెనక్కి పెడితే ఇంటాయన వద్దన్నాడు. పక్కకి తిప్పితే పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది... ఆరేసిన చొక్కాలకి వెన్న వాసన పడుతోందట. పైకి తిప్పితే, నిప్పు తనిఖీకి వచ్చినాయన తలెత్తి చూసి, "జానెడు పొట్టి," అన్నాడు.

జానెడు!

నేను ఆ గొట్టం కింద నిలబడి, పళ్ళు కొరికి, ఆకాశాన్ని తిట్టాను. దానికేం తెలుసు పాపం.

తెరిచాం చివరికి. పూలబుట్టలు వచ్చాయి. వీధి మలుపుదాకా వరుస కట్టారు. ముసలివాళ్ళు, పిల్లలు, ఫోటోలు తీసుకునేవాళ్ళు. కామ్‌చుయెన్ కళ్ళు వెలిగాయి.

"చూశావా," అన్నాడు.

వారం తిరిగేసరికి వరుస లేదు. పూలు వాడాయి. మర్నెల్లో తుఫానొచ్చి బోర్డు ఊడదీసింది, చేపలమ్మే దుకాణం ముందు బోర్లా పడేసింది. వెళ్ళి తెచ్చుకున్నాం. ఒక అక్షరం దొరకలేదు.

"ఇప్పుడు చూశావా?" అన్నాను నేను.

అసలు గొడవ పంచదార.

ఈ ఊళ్ళో అన్నిటిలోనూ తీపి. మలుగుచేప నూడుల్సులో తీపి. సాసేజీలో తీపి. టమాటా ముక్కని కూడా తియ్యటి అల్లం ముద్దలో అద్దుకు తింటారు. మా ఊళ్ళో అయితే పంచదార బల్ల మీద ఉంటుంది, ఎవరికి కావలసింది వాళ్ళు కలుపుకుంటారు. ఇక్కడెవరికీ కలుపుకునే ఓపిక లేదు. స్కూటర్ దిగరు. హెల్మెట్ తియ్యరు. హారన్ కొట్టి, కలిపి ఇమ్మంటారు.

"కలపను," అన్నాడు కామ్‌చుయెన్.

"కలిపితే నీ సొమ్మేం పోయిందయ్యా?"

"ముందు ఆకు రుచి తెలియాలి. తీపి తర్వాత."

"తర్వాతంటే ఎప్పుడు? వచ్చే జన్మలోనా?"

చెయ్యి లేచింది, టీ జారింది. ఏడు సార్లు.

తన టీ తను తాగడు ఈ మనిషి. షుగరు వ్యాధి వచ్చి పదకొండేళ్ళయింది, డబ్బా పాలు కూడా డాక్టరు వద్దన్నాడు. రంగు చూస్తాడు. వాసన చూస్తాడు. సరిపోయిందంటే సరిపోయినట్టే. ఊరందరి నోళ్ళూ తప్పు... ఆయన ముక్కు ఒప్పు.

మూలబల్ల దగ్గర రోజూ చువాంగ్ తాత కూర్చుంటాడు. ఒకప్పుడు ఐసు అమ్మినాయన. వీధిలో ఫ్యానున్న కొట్టు మాదొక్కటే.

"ఏమోయ్ మేస్త్రీ, ఇది టీయా, కషాయమా? మా ఆవిడ పోయిన రోజు కూడా నా నోరింత చేదవలేదు."

"తాగుతూ ఉండు తాతా. అలవాటవుతుంది."

"ఆవిడ పోయినప్పుడూ నాతో అలాగే అన్నారు మా వాళ్ళు."

నవ్వాలో ఏడవాలో తెలియక నేను బల్లలు తుడిచాను. ఖాళీ బల్లలు. తుడిచినవే తుడిచాను.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి తనిఖీ ఆఫీసరు వచ్చాడు.

మంగళవారం. మూడింటికి.

ఈ ఊరి ఎండకి టీ కొట్టుకి ఎవడైనా ఆ వేళ వస్తాడా? చువాంగ్ తాత కూడా కునుకు తీసే వేళ. ఆఫీసరు ఆరు ఖాళీ బల్లల్ని ఆరు ఫోటోలు తీశాడు. గోడగడియారాన్ని విడిగా తీశాడు.

"పొద్దున రండి బాబూ. పొద్దున మనుషులుంటారు."

"పొద్దున మాకు మీటింగులుంటాయమ్మా."

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. వ్యాపారం వాస్తవంగా జరుగుతున్నట్టు తగిన ఆధారం కనబడలేదట. మరోసారి చూస్తారట. అప్పుడూ ఇలాగే ఉంటే, మేం సర్దుకోవాలట.

సర్దుకుని ఎక్కడికి?

ఆ మాట ఉత్తరంలో లేదు.

ఆ వారమే కామ్‌చుయెన్ మణికట్టు వాచింది. టీ కూజా జారి పడింది. మూడు నెలలు బరువెత్తకూడదన్నాడు డాక్టరు. ముప్పై ఏళ్ళ చెయ్యి గుడ్డకట్టుతో మెడకి వేలాడింది... పెంచిన పక్షి చచ్చినట్టు చూసుకున్నాడు దాన్ని.

కూజా సియుగిం పిన్ని చేతికెళ్ళింది.

ఇద్దరు స్థానికులు ఉండాలన్నారు కదా. సియుగిం పిన్నీ, ఆవిడ తోటికోడలూ... ఆ ఇద్దరూ వీళ్ళే. తోటికోడలు బన్నులు కాలుస్తుంది, మాట్లాడదు. పిన్నికి అరవై రెండు, ఆవిడ మాట్లాడని క్షణం లేదు. కామ్‌చుయెన్ పక్కన కుర్చీ వేసుకుని పాఠం చెప్పాడు.

"ఇంకా పైనుంచి. ఇంకా పైకెత్తు."

"ఇంకా పైకెత్తితే నైవేద్యం అవుతుంది ఓనరూ."

ఏమైందో... మనుషులు రావడం మొదలుపెట్టారు.

ఒక స్కూటరు. నాలుగు స్కూటర్లు. ఎదురు బట్టలకొట్టు వాళ్ళు కేకేసి ఎనిమిది కప్పులు చెప్పారు. ఫ్యాను కోసం వచ్చే చువాంగ్ తాత రెండో కప్పు అడిగాడు. పెదాలు నాక్కున్నాడు కూడా. నేను చూశాను.

"చూశావా," అన్నాడు కామ్‌చుయెన్. "నాలుక నేర్చుకుంటుంది. నేర్పేవాడికి ఓపికుండాలి."

నాకు చెప్పాడు. పక్కింటావిడకి చెప్పాడు. గ్యాసుబండ వేసేవాడిని ఆపి మరీ చెప్పాడు. ఈ ఊరొచ్చాక వంగిపోయిన వీపు నిటారైంది. అన్నం తింటూ కూనిరాగం తీశాడు.

ఒకరోజు పొద్దున్నే వెనకగదిలోకి వెళ్ళాను. సియుగిం పిన్ని మరుగుతున్న టీలోకి గిన్నె వంచుతోంది.

పటికబెల్లం.

గిన్నెడు.

"ఏంటిది పిన్నీ?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. గిన్నె దులిపింది.

"ఓనరమ్మా, నేను ఈ వీధిలో పుట్టాను. ఈ వీధి నాలుక నాకు తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి రోజు నుంచే. చెయ్యి వాచింది ఆయనకి గానీ, నాకు బుర్ర వాచలేదుగా."

"ఆయనకి తెలిస్తే?"

"నువ్వు చెప్తావా?"

టీ పొంగింది. ఇద్దరం మంట తగ్గించడానికే చెయ్యి చాచాం.

చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు చెప్పలేదు. ఆయన 'చూశావా' అన్నప్పుడల్లా నా లోపల ఏదో పటుక్కుమనేది. చూశాను నాయనా. అన్నీ నేనే చూస్తున్నాను. ఉత్తరాలు చూస్తున్నాను, గొట్టాలు చూస్తున్నాను, గిన్నె చూస్తున్నాను. నువ్వొక్కడివే ఏమీ చూడకుండా సంతోషంగా ఉన్నావు!

గురువారం పది గంటలకి మళ్ళీ తనిఖీ అని కబురొచ్చింది. పొద్దున పది. ఏ దేవుడు మీటింగులు రద్దు చేశాడో.

"ఆ రోజు నేనే పోస్తాను," అన్నాడు కామ్‌చుయెన్. కట్టు విప్పేశాడు.

"డాక్టరు..."

"నా కొట్టు. నా టీ."

గురువారం మాకంటే ముందే వచ్చాడు. పిన్ని ముందురోజు రాత్రే కాచిపెట్టినదంతా పారబోసి, గిన్నెలు తోమి, కొత్తగా ఆకు వేశాడు. మేం వచ్చేసరికి సంచి పైకి లేస్తోంది, దిగుతోంది. పిన్ని నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

తొమ్మిదింటికి వరుస కట్టారు. మొదటి కప్పు పుచ్చుకున్న పిల్ల హెల్మెట్ అద్దం పైకెత్తి, ఒక గుక్క తాగి, కప్పు లోపలికి తొంగిచూసింది.

"అంకుల్... ఇవాళ ఏదో తేడాగా ఉంది."

రెండో మనిషి కప్పు బల్ల మీదే వదిలేశాడు. మూడో మనిషి వరుసలోంచే తప్పుకున్నాడు.

"ఏమోయ్," మూలనుంచి చువాంగ్ తాత. "మళ్ళీ కషాయం మొదలెట్టావా?"

కామ్‌చుయెన్ కూజా వెలుతురులో పెట్టి చూశాడు. వాసన చూశాడు. పాల డబ్బా మీద తారీఖు చూశాడు. కొత్త ఆకు పొట్లం చింపాడు. మళ్ళీ పోశాడు. ఏడు సార్లు కాదు, తొమ్మిది సార్లు. టీ అంచు దాటి వేళ్ళ మీద పడుతోంది, ఆపడు.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయే," అంటున్నాడు. ఎవరితోనో కాదు... తన చేతితో.

తొమ్మిదిన్నర.

నా వల్ల కాలేదు.

"పంచదారయ్యా!" అరిచాను. "రెండు నెలలుగా పంచదార! నీ ఓపికా కాదు, నీ పాఠమూ కాదు. గిన్నెడు పటికబెల్లం వేస్తోంది పిన్ని. నాకు తెలుసు. నీకొక్కడికే తెలియదు!"

వరుస అంతా విన్నది. హారన్ కొట్టేవాడు కూడా ఆగాడు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

కూజా దింపాడు. చెయ్యి తుడుచుకున్నాడు.

"టీ చేసివ్వు," అన్నాడు పిన్నితో. "నువ్వు రోజూ చేసినట్టే."

ఆవిడ చేసింది. ఆయన కప్పు నిండా పట్టుకున్నాడు.

"నీకు షుగరు..." అన్నాను.

"తెలుసు."

మూడు గుక్కలు. పదకొండేళ్ళ తర్వాత మూడు గుక్కలు. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను.

"ఆకు రుచి చావలేదు," అన్నాడు మెల్లగా. "ఆకు నేను చెప్పినట్టే వేశావా?"

"నీ ఆకే. నీ లెక్కే. నీ ఏడు సార్లే. బెల్లం ఒక్కటే నాది."

"గిన్నెడు మరీ ఎక్కువ."

"ముప్పావు గిన్నె?"

"అరగిన్నె."

"అరగిన్నె మీ హాంకాంగ్‌లో వేసుకో. ఇది తైనాన్."

చేపల బజారులా బేరం మొదలుపెట్టారు ఇద్దరూ! నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఆఫీసరొచ్చే వేళయింది. ముందు టీ పొయ్యండి, తర్వాత కొట్టుకు చద్దురు గానీ!"

ఆఫీసరు వచ్చేసరికి కూర్చోవడానికి కుర్చీ లేదు. నిలబడే తాగాడు. నిలబడే ఫోటోలు తీశాడు. చువాంగ్ తాత ముందు ఆగాడు.

"మీరు నిజంగా ఇక్కడి కస్టమరేనా?"

"కస్టమర్ని కాదు బాబూ, బాధితుణ్ణి. ఏడాదిన్నర నుంచి రోజూ."

ఆఫీసరు తల దించి రాసుకున్నాడు. ఏ మాట రాసుకున్నాడో... ఆ భగవంతుడికే తెలియాలి.

"ఉత్తరం వస్తుంది," అని వెళ్ళిపోయాడు.

ఎప్పుడో చెప్పలేదు.

జనం పల్చబడ్డాక కామ్‌చుయెన్ మెట్టు మీద కూర్చుని, మణికట్టు చల్లనీళ్ళలో పెట్టుకున్నాడు.

"ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది."

"మరి?"

"కూనిరాగం తీస్తున్నావు," అన్నాను. "ఆపాలనిపించలేదు."

ఆయన నీళ్ళలోకి చూశాడు.

బయట స్కూటరు హారన్. రెండు కప్పులట, తొందరగానట.

కామ్‌చుయెన్ చెయ్యి పైకి తియ్యలేదు. సియుగిం పిన్ని ఆయన వంక చూస్తూ కదల్లేదు... ఇకమీదట కూజా ఎవరిదో ఎవరూ తేల్చలేదు కదా. మళ్ళీ హారన్.

నేను లేచాను. జన్మలో ఆ కూజా పట్టుకున్నదాన్ని కాను. ఎంత పైకెత్తాలో తెలియదు.

ఎత్తాను.

సగం కప్పులో పడింది. సగం నా కాళ్ళ మీద. చుర్రుమంది. బయట వాడు ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాడు.