దిగువదారిలో తోకబండి

నేను ఒక సైకిల్ని. ఈ మాట అంటే మామూలు సైకిళ్ళు ఒప్పుకోవు. కడుపులో మోటారు పెట్టుకుని సైకిలంటావేమిటని నవ్వుతాయి. పోనీ మోటారు బండ్ల దగ్గరికి వెళ్ళి నిలబడితే, కాళ్ళతో తొక్కించుకునేదానివి నీకు మా పంక్తిలో విస్తరెందుకంటాయి. కరెంటు తాగి కొండలెక్కే జాతి మాది. మనుషుల్లోనూ ఇలా ఏ పంక్తిలోనూ చోటు దొరకనివాళ్ళున్నారట. వాళ్ళ గోడు వాళ్ళు చెప్పుకుంటారు, నాది నేను చెబుతాను.

నా పుట్టుక గురించి గొప్పలు పోవటానికేమీ లేదు. ఎముకలు ఒక దేశంలో అతికారు, గుండెకాయ ఇంకో దేశంలో చుట్టారు, చక్రాలు మూడో దేశం నుంచి వచ్చాయి. అన్నింటినీ ఒక అట్టపెట్టెలో కుక్కి ఓడెక్కించారు. ఆ పెట్టె మీద నా బొమ్మ ఉండేది. అందులో నేను ఒక కొండ అంచున గాల్లో ఎగురుతూ ఉంటాను. హైదరాబాదులో పెట్టె విప్పాక నేను చూసిన మొదటి కొండ పురుషోత్తం గారి పొట్ట.

ఆయన గ్రానైటు వ్యాపారి. చెమట పట్టేదాకా సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాడు. ఆయన దుకాణాలన్నీ తిరిగి, చెమట పట్టకుండా తొక్కగలిగే సైకిలు ఏదో కనుక్కుని నన్ను తెచ్చుకున్నాడు. డాక్టరు మాటా దక్కింది, తన సుఖమూ దక్కింది. కొన్నాళ్ళు చెరువు గట్టు మీద తిప్పి, నా పక్కన నిలబడి ఫొటోలు దిగి, ఆ తర్వాత బాల్కనీలో ఓ మూలకి చేర్చాడు. నా హ్యాండిలు మీద తువ్వాళ్ళు ఆరేవి. సీటుకీ గోడకీ మధ్య గుడ్డ కట్టి గుమ్మడి ఒడియాలు ఎండబెట్టేవారు. కొండలెక్కటానికి పుట్టినదాన్ని కాకుల కాపలా కాశాను. నన్ను అమ్మేసిన రోజున ఆ ఇంట్లో విచారం కలిగింది నిజమే. ఇకనుంచి ఒడియాలు ఎక్కడ పెట్టాలా అని.

నన్ను కొన్నవాడు నూకరాజు. మారేడుమిల్లి ఘాటులో ఏళ్ళ తరబడి జీపు నడిపినవాడు. అడవి చూడటానికి వచ్చేవాళ్ళు జీపులో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు, అదే సైకిలెక్కిస్తే చచ్చినట్టు అడవే చూస్తారని అతనికి ఒక ఆలోచన పుట్టింది. ఆలోచన పుడితే ఆగే మనిషి కాదు. జీపు అమ్మేసి, నాలాంటి పాతవాటిని ఊరూరా తిరిగి ఏరుకొచ్చి, ఇంటి వెనక రేకుల షెడ్డులో వరసగా నిలబెట్టాడు.

సైకిళ్ళు దొరికాయిగానీ దారి దొరకాలిగా. బండ్లకి పనికొచ్చే మంచి బాట ఒక్కటే ఉంది. అది కొండరెడ్ల ఊరి మీదుగా పోతుంది. ఆ ఊరి పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, కన్నపరెడ్డి. వెనకెప్పుడో జలపాతం చూడవచ్చినవాడొకడు ఆ కొండ మీద తప్పిపోతే, ఊళ్ళో మగవాళ్ళనందరినీ పోలీసులు నెలల తరబడి పిలిచి కూర్చోబెట్టారట. చివరికి ఆ మనిషి ఇంకో ఊళ్ళో బతికే దొరికాడు. అప్పటికి వీళ్ళ పంట అడవిపందుల పాలైంది. అందుకని కన్నపరెడ్డి ఒకే ఒక్క షరతు పెట్టాడు. మా కొండ మీద మనిషి తప్పిపోయాడన్న మాట ఒక్కసారి పుట్టినా ఈ దారి మీకు లేదు. నూకరాజు చేతులు జోడించి ఒప్పుకున్నాడు. జీపు లేని మనిషి, ఈ దారి కూడా లేకపోతే ఏం మిగులుతుంది?

అందుకే అతను గుంపుకి తల, తోక అని ఏర్పాటు చేశాడు. తలగా తను ముందు పోతాడు. తోకగా ఒకరు అందరికన్నా వెనక వస్తారు. తోకని దాటి ఎవరూ వెనక మిగలకూడదు. ఆ తోక పని భార్య వరహాలుకి అప్పజెప్పాడు, వరహాలుకి నన్ను అప్పజెప్పాడు. ఆవిడ నా మీదే సవారీ నేర్చుకుంది, నన్ను రెండుసార్లు పిల్లకాలవలో పడేసింది, అయినా వదల్లేదు. ఆడమనిషిని తోకకి పెట్టాడేమిటని బజారులో నవ్వారట. "తోక లేని గేదె ఈగల్ని కూడా తోలుకోలేదు" అని ఆవిడ టీ తాగి లేచి వచ్చిందట.

ఆ వేసవిలో కాకినాడ నుంచి ఒక గుంపు వచ్చింది. పొద్దున్నే పార్కులో నడిచే స్నేహితులు. నడిచేవాళ్ళందరూ కలిసి నడవకుండా ఎక్కడికైనా వెళ్ళాలనుకోవటం మనుషులకే చెల్లింది. బయల్దేరేముందు ఫోన్లో వాళ్ళ చర్చలు నూకరాజు భార్యకి చదివి వినిపించేవాడు. బనియన్లు ఏ రంగువి వేసుకోవాలన్న దాని మీద పక్షం రోజులు. అడవిలో దోమలుంటాయా అని ఒకరు. మధ్యాహ్నం పెరుగు ఉంటుందా అని ముగ్గురు. బ్రేకులు ఎలా వేయాలని మాత్రం ఎవరూ అడగలేదు.

వాళ్ళు దిగాక నూకరాజు ఒళ్ళు చూసి బండి ఇచ్చాడు, బ్రేకులు పట్టి చూపించాడు, ఫోన్లు పలకవు కాబట్టి ముందువాణ్ణి కనుచూపులో పెట్టుకోమన్నాడు. ఎక్కుడులో బండి నడిపించుకు వెళ్ళటానికి హ్యాండిలు మీదున్న మీట కూడా చూపించాడు. అది నొక్కి పట్టుకుంటే మేము మనిషి పక్కనే గొడ్డులా నడుస్తాం. ఇంత చెప్పినవాడు ఒక్కటి చెప్పలేదు. ఆ కొండల్లో రెండు దార్లు చీలినచోట ముందుపోయేవాళ్ళు పచ్చికొమ్మ విరిచి, పోకూడని దారికి అడ్డంగా పడేస్తారు. వెనక వచ్చేవాళ్ళు కొమ్మ చూసి రెండో దారి పడతారు. అది అక్కడ అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలిసినదాన్ని చెప్పటమేమిటని అతననుకున్నాడు. కాకినాడవాళ్ళు కూడా ఆ అందరిలోనివాళ్ళేనని ఎలా అనుకున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

రోజూ మేము వెళ్ళేది దిగువదారిన. ఆ రోజు చీలిక దగ్గర కట్టెలమోపుతో ఎదురైన ముసలమ్మ, మొన్నటి గాలివానకి దిగువన గట్టు జారిపోయిందని చెప్పింది. నూకరాజు కొమ్మ విరిచి దిగువదారికి అడ్డంగా వేసి, గుంపుని ఎగువదారికి మళ్ళించాడు.

ఇదీ, దీని తర్వాతదీ నేను చూడలేదు, ముందు వెళ్ళిన సైకిళ్ళు చెప్పాయి. గుంపులో శేషగిరి గారని ఒక పెద్దమనిషి ఉన్నాడు. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. దారిలో ముల్లు తీసి పక్కన పడేస్తే కాశీకి వెళ్ళినంత పుణ్యమని వాళ్ళ నాన్న చెప్పాడట. కాకినాడలో ఆయన నడిచే వీధిలో రాయి గానీ తొక్క గానీ ఉండనివ్వడు. ఎగువదారిన నాలుగడుగులు పోయాక వెనక్కి తిరిగి చూస్తే దిగువదారికి అడ్డంగా కొమ్మ కనబడింది. పాపం ఎవరైనా తట్టుకుని పడతారని, సైకిలు అక్కడే నిలిపి, నడుచుకుంటూ వచ్చి, కొమ్మని ఎత్తి వెనక్కి విసిరాడు. అది పోయి ఎగువదారికి అడ్డంగా పడింది. ఆయన చేతులు దులుపుకుని, కిందికి చూడకుండానే దాన్ని దాటుకుని వెళ్ళి సైకిలెక్కాడు. పుణ్యం చేసినవాళ్ళు అది ఎక్కడ పడిందో చూడరు.

వెనక మిగిలింది ఇద్దరు. వరహాలూ, త్రిమూర్తులు గారూ. ఈయనకి సిమెంటు కొట్టుంది. దారిలో ఆయాసం వచ్చినప్పుడల్లా ఏదో చెట్టు పేరు అడిగి, అది చెప్పేదాకా ఆగేవాడు. వరహాలుకి సంగతి తెలుసు. తెలియని చెట్లకి కూడా నిదానంగా పేర్లు పెట్టి చెప్పింది. వాళ్ళు చీలిక దగ్గరికి వచ్చేసరికి ముందువాళ్ళ అలికిడి లేదు. ఎండుటాకుల మీద చక్రాల జాడ నిలవదు. ఎగువదారికి అడ్డంగా పచ్చికొమ్మ ఉంది. వరహాలు దాన్ని చూసి, రెండో ఆలోచన లేకుండా దిగువదారి పట్టింది.

గట్టు జారినచోట త్రిమూర్తులు గారు ముందున్నాడు. వరహాలు కేక వేసేలోపే రాళ్ళూ, మట్టీ, ఆయనా, సైకిలూ కలిసి కిందికి జారిపోయాయి. ఆవిడ నన్ను పట్టుకుని ఏటవాలుగా దిగింది. ఆయన వాగు ఒడ్డున కూర్చుని మడమ పట్టుకున్నాడు. కాలు మోపలేడు.

తనని అక్కడే వదిలి, వెళ్ళి మనుషుల్ని పంపమన్నాడాయన.

"వదిలేసి ఎల్తే తప్పిపోయినట్టండి" అంది వరహాలు. "ఇద్దరం కలిసుంటే ఆలస్యం అయినట్టు. మా ఆయన ఈపాటికి ఎనక్కి బయల్దేరే ఉంటాడు. తోక తెగితే తల తిరక్కుండా ఎక్కడికి పోద్దండి."

అని, చేతులు నోటికి దొప్పలా పట్టి కేక వేసింది. కొండ ఆ కేకని తిరిగి మాకే ఇచ్చేసింది. ఆగి, మళ్ళీ వేసింది. త్రిమూర్తులు గారు కూడా గొంతు కలిపాడు. చెట్ల నీడలు వాగు మధ్యకి జరిగాయి. ఆవిడ మాటిమాటికీ గట్టు పైకి చూసేది. కాసేపటికి చూడటం మానేసింది. కొంగు నడుముకి బిగించి, ఆయన సైకిలుని అక్కడే వదిలి, ఆయన చేతిని నా సీటుకి చుట్టి, నడక మీట నొక్కింది.

నేను చాలా బరువులు మోశాను గానీ అలాంటిది మోయలేదు. ఆయన ఒంటికాలి మీద గెంతుతూ నా సీటుకి వేలాడాడు. ఆవిడ ముందు చక్రం పట్టుకుని పైకి లాగింది. కాళ్ళ కింద మట్టి జారుతూనే ఉంది. గజం ఎక్కితే అర గజం దిగేవాళ్ళం. నా కడుపులోంచి కాలిన వాసన వచ్చింది. వరహాలుకీ వచ్చింది, ముక్కు ఎగబీల్చింది. అయినా మీట మీంచి వేలు తీయలేదు. గట్టెక్కాక నాలో ఏదో టప్పున తెగింది. అంతే, ఆ తర్వాత నేను ఉత్త బరువు. అయినా ఆయన ఆనుకోవటానికి ఊతకర్రలా పనికొచ్చాను. ఎగువదారి మీదున్న కొమ్మని ఆవిడ చాలాసేపు చూసి, దాటించి, మమ్మల్నిద్దర్నీ మధ్యాహ్నం గుంపు ఆగే కొండరెడ్ల ఊళ్ళోకి నడిపించింది.

ఊళ్ళో భోజనాలు అవుతున్నాయి. చింతచెట్ల కింద అందరూ బారుగా కూర్చున్నారు. నూకరాజు వడ్డిస్తున్నాడు. మమ్మల్ని చూడగానే అతని చేతిలో గరిటె ఆగింది, మొహం వెలిగింది, మళ్ళీ ఆరిపోయింది.

పెద్దకాపు కన్నపరెడ్డి లేచి మా దగ్గరికి వచ్చాడు. ముందు త్రిమూర్తులు గారి మడమకి ఆకు పసరు వేయించమని ఆడవాళ్ళతో చెప్పాడు. తర్వాత నా చక్రాలు వంగి చూశాడు.

"పంచరు ఏ చక్రానికమ్మా?" అని అడిగాడు.

వరహాలుకి అర్థం కాలేదు. మొగుడి వైపు చూసింది. నూకరాజు అన్నం గిన్నెలోకి చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది. ఇద్దరు తక్కువయ్యారేమని పెద్దకాపు అడిగితే ఇతను పంచరయింది, వేసుకుని వస్తారు అన్నాడు. పంచరన్నాక కంగారుగా లేచి వెతకబోతే మాట అబద్ధమైపోతుంది. అందుకని కూర్చోలేక, వెళ్ళలేక, పెరుగు అడిగినవాళ్ళకి పెరుగు వేస్తూ ఉన్నాడు.

త్రిమూర్తులు గారు మంచివాడు. వెనక చక్రానికని చెప్పబోయాడు.

"పంచరు లేదండి" అంది వరహాలు. "తప్పిపోయాం. దిగువన పడిపోయి శానాసేపు కేకలేశాం. ఎవరూ రాలేదు."

తోకవి నువ్వే ఎలా తప్పావని కన్నపరెడ్డి అడిగితే కొమ్మ సంగతి చెప్పింది. శేషగిరి గారు అందుకుని, ఆ కొమ్మ తనే తీశానని, ముల్లు తీసినంత పుణ్యమని, ఆ బాటలో ఎవరైనా పడుంటే ఏమయ్యేదని కొంచెం గర్వంగానే చెప్పాడు. పడ్డవాడు పక్కనే ఉన్నాడు. కన్నపరెడ్డి ఆయన్ని వదిలేసి నూకరాజు వైపు తిరిగాడు. కొమ్మ సంగతి వీళ్ళకి చెప్పలేదా అని అడిగాడు.

"తెలీనోళ్ళెవరుంటారండి" అన్నాడు నూకరాజు.

పెద్దకాపు కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతనికి కోపం వచ్చినట్టు నాకనిపించలేదు.

"దారి తప్పటం ఎవరికైనా అవుద్ది. అది నేను అడివికే వదిలేద్దును" అన్నాడు. "నేనిచ్చింది ఒక దారి. నాకొచ్చినయ్యి రెండు మాటలు. మామిడికొత్త పండగయ్యేదాకా ఇటు రాకండి. అయ్యాక ఇద్దరూ ఒక్క మాట పట్టుకు రండి, చూద్దాం."

ఆ సాయంత్రం కాకినాడవాళ్ళు వెళ్ళిపోయారు, బాగా గడిచిందని ఫోన్లో రాశారు కూడా. నన్ను షెడ్డులో గోడకి చేరేసి నూకరాజు భార్య మీద విరుచుకుపడ్డాడు. జీపు పోయింది, దారి పోయింది, నోరు కట్టుకుంటే ఏం పోయేది నీది అన్నాడు.

"నేనే పోయేదాన్ని" అంది వరహాలు. "నీకు దారి పోతాదని బయం. అది నాకూ ఉంది. కానీ ఇయ్యాల పంచరన్నోడివి, రేపు నేను నిజంగా వాగులో పడి ఉన్నా పంచరనే అంటావు. అప్పుడు నన్ను ఎతికేదెవరు?"

నూకరాజు నా పక్కన చతికిలబడ్డాడు. చాలాసేపు నా చక్రం గిరగిరా తిప్పుతూ కూర్చున్నాడు. మనుషులకి మాట దొరకనప్పుడు మాలాంటివాళ్ళ మీద పని పెట్టుకుంటారు.

కొత్త మామిడికాయలు దేవతకి పెట్టాకే నోట పెట్టుకునే ఆ మామిడికొత్త పండగ వచ్చేదాకా షెడ్డులో మేమందరం దుమ్ము పట్టాం. ఆ ఇంట్లో మాటలు కూడా దుమ్ము పట్టాయి. నూకరాజు ఎవరిదో జీపుకి కూలి డ్రైవరుగా వెళ్ళేవాడు. రాజమండ్రి మెకానిక్కు వచ్చి, మోటారు కాలిపోయింది, దీని సామాను దొరకదని చెప్పి నా బ్యాటరీ ఊడదీసి ఇంకో సైకిలుకి పెట్టాడు. పండగయ్యాక ఆలుమగలిద్దరూ నడిచే ఆ ఊరికి వెళ్ళారు. అక్కడ ఏం చెప్పారో నాకు తెలియదు. పొద్దువాలేవేళకి వచ్చారు. వస్తూనే వరహాలు షెడ్డులోకి వచ్చి, మిగతా సైకిళ్ళన్నిటికీ ఛార్జింగు పెట్టింది.

నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చింది కూడా ఆవిడే. వాగు గట్టు మీద తనతోపాటు లాగినదాన్ని కదా, ఒకసారి సీటు మీద చెయ్యి వేస్తుందేమో అనుకున్నాను. ఇనుము కాదయ్యా, అల్యూమినియం, సరిగ్గా చూడు అని వాడితో గట్టిగా బేరమాడి, ఒక చెయ్యి వేసి వ్యానులోకి ఎక్కించింది. చెయ్యయితే వేసింది, కాదనను.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, మర్నాడు పొద్దున్న వ్యాను ఘాటు రోడ్డు మీద దిగుతోంది. నేను పాత ఫ్యాన్ల మీద, సొట్టపడ్డ బిందెల మీద వెల్లకిలా పడి ఉన్నాను. ఓ మలుపు దగ్గర సైకిళ్ళ గుంపు ఎదురొచ్చింది. ముందు వరహాలు ఉంది. అడవిలోకి మళ్ళేచోట బండి ఆపి, ఒక కొమ్మ ఎత్తి పట్టుకుని, కొత్తగా వచ్చినవాళ్ళకి ఏదో చెబుతోంది. వాళ్ళు శ్రద్ధగా తలలూపుతున్నారు. వాళ్ళందరికీ బాగా ఎడంగా, చివర్న నూకరాజు వస్తున్నాడు.

తోకలో ఉన్నవాడి వెనక ఎవరూ ఉండరు. ఆ సంగతి అతనికి తెలుసు, ఆ ఏర్పాటు చేసిందే అతను. అయినా మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా, తొక్కినంతసేపూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.