బోల్టు మీద పసుపు గీత

కారు ట్రక్కు వీపు మీద వచ్చింది. గంటకు రెండు వందల యాభై పరిగెత్తగలనని ఊరంతా చాటుకునే కారు, తాళ్లతో కట్టించుకుని బుద్ధిగా ట్రక్కెక్కి వచ్చి వర్క్‌షాపు గేటు ముందు దిగింది. దాని వెనకాలే ట్యాక్సీలోంచి చలువద్దాలు సవరించుకుంటూ దిగినవాడు దాని యజమాని. సర్వీస్ అడ్వైజరుకు స్వయానా అక్క మొగుడు.

సర్వీస్ అడ్వైజరంటే వచ్చిన బండికి రోగమేమిటో రాసుకుని, మెకానిక్‌కు అప్పగించి, చివరికి ఫలానా కారణం వల్ల ఇలా అయింది అని రాసి సంతకం పెట్టే మనిషి. ఆమెను ఎదురుగా అందరూ మేడమ్ అంటారు. వెనకాల రూళ్లకర్ర అంటారు. ఎంత వంచినా వంగదని. ఆ పేరు ఆమెకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు.

"ఏమైంది బావా?"

"ఏమో. హాయిగా వెళ్తున్నాను, టకటకమని చప్పుడొచ్చింది, ఆగిపోయింది. నెల కిందటేగా మీవాళ్లు సర్వీసు చేశారు. ఆయిలు సరిగ్గా పొయ్యలేదేమో."

"ఎక్కడ వెళ్తున్నావు?"

"రోడ్డు మీద. ఇంకెక్కడ వెళ్తాను? కారు రోడ్డు మీద కాకపోతే ఎక్కడ నడుస్తుంది?"

ఒక్క ప్రశ్నకు ఇన్ని జవాబులు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆమె పైకేమీ అనకుండా కాగితం మీద "రోడ్డు మీద ఆగిపోయిందని యజమాని చెప్పారు" అని రాసుకుంది. బావ వెయిటింగ్ గదిలోకి వెళ్లి మెత్తటి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

అరగంటకల్లా మేనేజరు పిలిచాడు. ఈ మేనేజరుకు ఒక విద్య ఉంది. ఏ మాటా పూర్తిగా అనడు. సగం తనంటాడు, మిగతా సగం ఎదుటివాళ్ల నోట అనిపిస్తాడు. రేపు ఎవరైనా నిలదీస్తే ఆ రెండో సగం తనది కాదు కదా.

"ఇంజను పట్టేసింది. వారంటీ క్లెయిము. నాలుగింటికల్లా పైఆఫీసుకి కారణం పంపాలి. యజమాని మీ బంధువట. ఆయిలు తక్కువ పోశామంటున్నాడు. పోసింది మన మేస్త్రి..."

"అవును. అయితే?"

"ఆయనకి ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. వయసైంది, చూపు ఆనదు. మనవాళ్ల చేతి పొరపాట్లకి వర్క్‌షాపుకి ఇన్సూరెన్సు పాలసీ ఎలాగూ ఉంది. కొత్త ఇంజను వాళ్లిస్తారు. మీ ఇంట్లోనూ గొడవుండదు. అంటే..."

"అంటే మేస్త్రి చెయ్యి జారిందని రాయమంటారు."

"నేనలా అనలేదే," అన్నాడు మేనేజరు. నిజమే, అనలేదు.

ఆమెకు ఒళ్లు మండింది. మండినా ముందు కారు చూడాలి. చూడకుండా కాదనడం, చూడకుండా అవుననడం రెండూ ఒకటేనని ఆమె లెక్క.

మేస్త్రి గురించి ఇక్కడ చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా ఇంజన్ల కింద పడుకున్న మనిషి. ఏ బోల్టు బిగించినా జేబులోంచి పసుపు పెయింటు పెన్ను తీసి, సగం బోల్టు మీద, సగం పక్కనున్న ఇనుము మీద పడేలా ఒక గీత గీస్తాడు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. ఎవరూ గియ్యమనలేదు, ఏ పుస్తకమూ ఆయనకు చెప్పలేదు. కుర్రమెకానిక్కులు "డ్రాయింగు మాస్టారు" అని ఏడిపిస్తారు. ఆయన కూడా నవ్వి, ఇంకో గీత గీస్తాడు.

"మేస్త్రిగారూ, ఇది మీ మీదకి వచ్చేలా ఉంది," అంది ఆమె, కారును పైకెత్తుతుండగా.

"నా మీదకేం వస్తుందమ్మా? గీత ఉంటుందిగా," అన్నాడాయన.

ఉంది. టార్చి వెలుగులో, ఇంజను అడుగున ఆయిలు కారిపోకుండా బిగించే బోల్టు మీద పసుపు గీత ఎక్కడా విరగకుండా, ఆయన గీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఇంజన్లోని ఆయిలంతా డబ్బాలోకి వంచి కొలిచారు. ఏడున్నర లీటర్లు పట్టే ఇంజన్లో ఏడుంబావు ఉంది. ఆ పావు లీటరు తరుగు ఏ కారుకైనా మామూలే. కానీ ఆయిల్లో ఇనుప రజను సన్నగా మెరుస్తోంది, లోపలి భాగాలు ఆయిలందక ఒరుసుకుంటే రాలే పొడి.

"ఆయిలు నిండుగానే ఉంది. ఇంజను ఆయిలందక చచ్చింది. ఇదెలా కుదురుతుంది?" అంది ఆమె.

మేస్త్రి మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుని పక్కకు వంచాడు. నీళ్లన్నీ ఒక వైపుకు ఒరిగాయి. "పొడుగాటి మలుపు, మంచి వేగం. ఆయిలంతా ఇలా పక్కకెళ్లిపోతుంది. అడుగున పంపు గాలి పీలుస్తుంది. ఒకసారైతే తట్టుకుంటుంది. పదేపదే అయితే బేరింగులు అరిగిపోతాయి. రోడ్డు మీద అన్నిసార్లు అలాంటి మలుపు ఎక్కడ దొరుకుతుందమ్మా? అలా లైట్లు చూడండి."

ముందు లైట్ల గాజు మీద దుమ్ము ఇంటూ గుర్తులా అతుక్కుని ఉంది. రేసు ట్రాక్ మీదకు వెళ్లే బళ్ల లైట్లకు, పగిలినా గాజు చెల్లాచెదురు కాకుండా, టేపు అంటిస్తారు. బావ టేపు పీకేశాడు కానీ జిగురు కడగలేదు. ఇంటికొచ్చే దాకా దారిలో ఉన్న దుమ్మంతా ఆ జిగురు పట్టుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం.

మిగిలింది కారు కంప్యూటరు చెప్పింది. శనివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఒకే మలుపు, ఒకే వేగం, ఇరవై రెండు సార్లు. ఆమె ఆ కాగితం ప్రింటు తీసుకుని వెయిటింగ్ గదిలోకి నడిచింది. మేస్త్రి గెలిచాడన్న సంతోషం ఆమె నడకలో తెలుస్తూనే ఉంది.

"శనివారం ఎక్కడున్నావు బావా?"

"ఆఫీసు ట్రైనింగులో," అన్నాడు బావ. కాగితం చూశాడు. కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆ తర్వాత మనిషే కాస్త చిన్నవాడైపోయినట్టు కనబడ్డాడు. "మీ అక్కకి చెప్పకు."

"అక్క సంగతి తర్వాత. ట్రాక్ మీద తిప్పితే వారంటీ వర్తించదు. పోటీ అయినా కాకపోయినా, ఊరికే సరదాకి తిప్పినా సరే. నీ ఇన్సూరెన్సులోనూ అదే మాట ఉంది. ఇంజను పోయింది కాబట్టి సరిపోయింది. గోడకి గుద్దుకుని ఉంటే, పక్కవాణ్ని గుద్ది ఉంటే, ఒక్కరూ నీ వైపు తిరిగి చూసేవారు కాదు. చదువుకోలేదా?"

"చదవలేదు," అన్నాడు బావ. "నిన్నడిగాను."

"నన్నా?"

"కారు కొన్న రోజు. షోరూములో. ట్రాక్ మీదకి తీసుకెళ్లొచ్చా అనడిగాను. దానికోసమే పుట్టింది బావా, నిశ్చింతగా తీసుకెళ్లు అన్నావు. కారుతో ఇచ్చే పుస్తకం అట్ట మీద బొమ్మ కూడా చూపించావు, ట్రాక్ మీద ఉన్నది. లోపలి పేజీ చూపించలేదు."

ఆమెకు గుర్తుంది. అంతా గుర్తుంది. అక్కా బావా తన కంపెనీ కారు కొంటున్నారని ఆ రోజు కళ్లు నెత్తికెక్కాయి. అమ్మేవాడి కంటే ముందు తనే నోరు తెరిచింది. చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. ఏడేళ్లుగా ఊళ్లోవాళ్లందరికీ వేలు పెట్టి చదివించింది. సొంత బావకు చదివించలేదు. మనవాడేగా అనుకుంది.

"నేను అబద్ధమాడాను, ఒప్పుకుంటాను," అన్నాడు బావ గొంతు తగ్గించి. "కానీ నువ్వు ట్రాక్ అని రాస్తే, నువ్వన్న మాట నేనూ రాయాల్సొస్తుంది. అది నాకిష్టం లేదు. ఆ పెద్దాయన పేరు రాసెయ్. ఆయనకి పోయేదేముంది, ఎలాగూ ఇంటికెళ్లేవాడే. నువ్వూ బాగుంటావు, నేనూ బాగుంటాను."

జవాబు చెప్పేలోపే ఫోను మోగింది. అక్క. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన అక్క.

"కారుకేమైందే? మీ బావ ఫోను ఎత్తడం లేదు. శనివారం ట్రైనింగని వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మనిషి అదోలా ఉన్నాడు. మీ వర్క్‌షాపువాళ్లు ఏదో పాడు చేశారట కదా. నువ్వున్నావుగా, చూసుకో."

బావ చేతులు జోడించాడు. ఒక్క మాటతో ఆయన్ని ఇంట్లో నెలరోజులు కుక్కిన పేనులా కూర్చోబెట్టొచ్చు. ఆమెకు ఆ కోరిక కలగలేదంటే నమ్మకండి. కానీ ఆ మాట చెప్పుకోవలసిన నోరు ఆమెది కాదు.

"చూసుకుంటానక్కా. మా వాళ్లు ఏమీ పాడు చెయ్యలేదు. మిగతాది బావ సాయంత్రం నీకు చెప్తాడు, తనే చెప్తాడు," అంది, బావ కళ్లలోకి చూస్తూ. ఫోను పెట్టేసింది.

తన బల్ల దగ్గర కూర్చుని కారణం రాసే కాగితం ముందు పెట్టుకుంది. భయం వేసింది. భయం కన్నా ముందు సిగ్గు వేసింది. రూళ్లకర్రట! తనింటి మనిషి వచ్చేసరికి వంగిన కర్ర. కారు ట్రాక్ మీద తిరిగిందని రాసి ఊరుకుంటే మేస్త్రి బయటపడతాడు. బావ మాట ఎవరు నమ్ముతారు, అప్పటికే ఒక అబద్ధం ఆడినవాడు. ఊరుకోవచ్చు. ఎంత సుఖంగా ఊరుకోవచ్చో!

కిటికీలోంచి చూస్తే మేస్త్రి ఇంకో బండి కింద నుంచి లేచి, జేబు తడుముకుని, పసుపు పెన్ను తీస్తున్నాడు. ఎవరూ చూడటం లేదు. అయినా గీత గీశాడు.

ఆమె రాసింది. బోల్టు గీత విరగలేదని, ఆయిలు ఎంత ఉందో, లైట్ల మీద టేపు జిగురు, కంప్యూటరు కాగితం, అన్నీ రాసింది. రేసు ట్రాక్ మీద తిప్పడమే కారణం, వర్క్‌షాపు పనిలో పొరపాటు లేదు అని రాసింది. ఆగలేదు. కింద ఇంకో పేరా మొదలుపెట్టింది. "కారు కొన్న రోజు యజమాని అడిగితే ట్రాక్ మీదకు తీసుకెళ్లవచ్చని చెప్పినది నేనే. వారంటీ షరతు నాకు తెలిసి కూడా ఆయనకు చదివి వినిపించలేదు. ఇది ఆయన ఫిర్యాదు చేస్తారని రాస్తున్నది కాదు, జరిగింది కనుక రాస్తున్నది." సంతకం పెట్టింది. అది తిన్నగానే వచ్చింది.

మూడున్నరకు మేస్త్రిని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. మేనేజరు చదివాడు. కింద పేరా దగ్గరికి వచ్చి రెండోసారి చదివాడు.

"ఇది పైకి వెళ్తే మీకు ఏమవుతుందో..."

"తెలుసు."

"కనీసం ఈ కింది నాలుగు ముక్కలూ..."

"ఉంటాయండి."

"మీ ఇష్టం. కానీ తొందరేముంది? ఇక్కడే ఉండనివ్వండి. సాయంత్రం దాకా ఆలోచించి, కావాలంటే వేరే కాగితం మీద మళ్లీ..."

ఈసారి మిగతా సగం ఎవరూ అందించలేదు. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని కాగితం మీదకు వంగాడు. పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కింది పేరా చదివి ఆమె వైపు చూశాడు.

"ఇది నాకోసం రాయక్కర్లేదమ్మా. పైదానితోనే నేను బయటపడ్డాను."

"మీకోసం కాదు మేస్త్రిగారూ. నా బోల్టు నేను బిగించుకున్నాను."

ఆయన జేబులోంచి పసుపు పెన్ను తీశాడు. ఆమె సంతకం పక్కన మొదలుపెట్టి, కాగితం అంచు దాటి, మేనేజరు నున్నటి బల్ల మీదకు ఒక గీత గీశాడు. సగం కాగితం మీద, సగం బల్ల మీద.

"ఏం చేస్తున్నావయ్యా? ఈ బల్ల..."

"ఏం లేదండి, అలవాటు. కాగితం అటూ ఇటూ మారితే తెలుస్తుందని," అన్నాడు మేస్త్రి వినయంగా. పెన్నుకు మూత పెట్టుకుని పనిలోకి వెళ్లిపోయాడు.

నాలుగింటికి కాగితం పైఆఫీసుకు వెళ్లింది, అదే కాగితం. వారం తిరక్కుండా ఆమెను అడ్వైజరు కుర్చీలోంచి లేపి, కిటికీ లేని స్పేరుపార్టుల గదికి పంపారు. ఎన్నాళ్లో చెప్పలేదు. బావ ఆ సాయంత్రమే అక్కకు చెప్పాడు. తర్వాత వాళ్లింట్లో ఏం జరిగిందో మనకెందుకు. మేస్త్రి తన ఎనిమిది నెలలూ పూర్తి చేసి, మంచి పేరుతో ఇంటికి వెళ్లాడు.

మేనేజరు బల్లను రెండుసార్లు పెట్రోలుతో, ఒకసారి థిన్నరుతో తుడిపించాడు. బల్ల పాలిష్ ఊడింది గానీ సగం గీత ఊడలేదు. ఇప్పుడు దాని మీద క్యాలెండరు పెట్టుకుంటున్నాడు. స్పేరుపార్టుల గదిలోంచి ఎప్పుడైనా ఆ గదికి వెళ్లాల్సొస్తే ఆమె క్యాలెండరును కాస్త పక్కకు జరిపి, గీత ఉందో లేదో చూసుకుని వస్తుంది.