నేనడిగింది బలి కాదు

నేను ఒక సాండింగు మిషన్ని. చెక్కను నున్నగా అరగదీయడం నా పని. ఒక పక్క గరుకు బెల్టు పరుగెడుతూ ఉంటుంది. ఇంకో పక్క అన్నం పళ్ళెమంత చక్రం, ఉప్పుకాగితం అంటించుకుని నిలువుగా తిరుగుతుంది. ఆ చక్రం ముందు చిన్న ఇనుప బల్ల ఉంటుంది. చెక్కను ఆ బల్ల మీద ఆనించి చక్రానికి ఒత్తుతారు. నా గురించి మీరు తెలుసుకోవలసింది ఇంతే, మిగిలిన కథంతా నన్ను కొన్నవాళ్ళది. నిడదవోలులో నన్ను 'వేళ్ళు తిన్న మిషను' అంటారు. అలా అన్నవాళ్ళలో ఒక్కడు కూడా నా దగ్గరికొచ్చి, వంగి చూసిన పాపాన పోలేదు. నాకు నోరు లేదు కాబట్టి పడ్డాను. ఇవాళ చెబుతాను, వినే ఓపిక ఉంటే వినండి.

నన్ను కోయంబత్తూరు దగ్గర పోత పోశారు. పాడైన పంపుసెట్లు, విరిగిన కుట్టుమిషను కాళ్ళు, ఎవరింట్లోనో చిల్లుపడ్డ బూరెల మూకుడు, అన్నీ కలిపి కరిగించారు. ఇన్ని ఇళ్ళ ఇనుము ఒంట్లో ఉన్నదాన్ని, నాకు కులగోత్రాలేమిటి? ఆకుపచ్చ రంగు పూసి, లారీ ఎక్కించి విజయవాడ పంపారు. అక్కడ ఒక మిషన్ల కొట్లో, నాలాంటివే ఇంకో రెండింటి పక్కన, పెళ్ళిచూపులకి ముస్తాబు చేసినట్టు నిలబెట్టారు. వచ్చినవాళ్ళంతా పెళ్ళికొడుకు తరపువాళ్ళలాగే ఉండేవారు. తడిమేవాళ్ళు, తట్టేవాళ్ళు, వంక పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకరోజు ఇద్దరు వచ్చారు. ముందు నడిచే ఎత్తైన మనిషి మార్కండేయులు. వెనక, చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ చూసుకుంటూ వచ్చేవాడు ధర్మలింగం. బావా బావమరుదులు. నిడదవోలులో కాలవ గట్టున తలుపులు, దర్వాజాలు చేసే వడ్రంగం షెడ్డు ఇద్దరిదీ. మార్కండేయులు భార్య కనకరత్నం ధర్మలింగానికి సొంత అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే ఎత్తుకుని పెంచింది. అందుకే షెడ్డూ ఒకటే, ఇల్లూ ఒకటే, పొయ్యీ ఒకటే.

"బావా, ఇది చూడు. స్విచ్చి ఆపితే చక్రం టక్కున ఆగిపోతంది. దీనికి బ్రేకుంది" అన్నాడు ధర్మలింగం, నా పక్కనున్న బక్క మిషన్ని చూపించి.

"దానికి బ్రేకెందుకురా? గట్టిగా ఊదితే అదే ఆగిపోద్ది" అన్నాడు మార్కండేయులు. అని, నా దగ్గరికొచ్చి రెండు చేతులతో నన్ను నెట్టాడు. నేను కదల్లేదు. భుజం పెట్టి నెట్టాడు. అయినా కదల్లేదు. మొహం ఇంత చేసుకుని, "ఇదిరా మిషనంటే! దీన్ని ఎత్తుకుపోవాలంటే దొంగకి నలుగురు బామ్మర్దులుండాలి" అన్నాడు.

"నీకున్నది నేనొక్కణ్ణే. ఆ దొంగకున్నపాటి అదృష్టం కూడా లేదు నీకు" అన్నాడు ధర్మలింగం.

కొట్టువాడు పగలబడి నవ్వాడు. "హెవీ డ్యూటీ అండి. మీ మనవలు కూడా దీనిమీదే చేసుకుంటారండి" అన్నాడు. కొట్టువాళ్ళు మనవల దాకా వెళ్ళనిదే ఏ వస్తువూ అమ్మరు.

ధర్మలింగం మాత్రం మాటలకి కొనే మనిషి కాడు. నన్ను ఆన్ చేయించి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా బల్ల మీద అంచున నిలబెట్టాడు. చక్రం హోరుమని తిరుగుతోంది, బిళ్ళ నిలబడే ఉంది. నా బరువు అలాంటిది, వణుకు పుట్టదు. "సరే బావా, ఇదే తీసుకుందాం" అన్నాడు. బ్రేకు సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఒకడు నా బరువు చూసి మురిశాడు, ఇంకొకడు నా నిలకడ చూసి మురిశాడు.

షెడ్డులో నాకు మంచి రోజులే నడిచాయి. నేను రాకముందు తలుపు మొత్తం చేత్తోనే అరగదీసేవారట. సాయంత్రమయ్యేసరికి అన్నం ముద్ద ఎత్తలేనంతగా రెక్కలు పడిపోయేవట. కోతలు, కొలతలు మార్కండేయులువి. చెక్కడం ధర్మలింగానిది. సింహద్వారం మీద గజలక్ష్మిని అతను చెక్కితే చూడ్డానికి తణుకు నుంచి కూడా వచ్చేవారు. చెక్క నున్నబడిందో లేదో కంటితో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని, కుడిచేతి మధ్య మూడు వేళ్ళూ దాని మీద అలా పోనిచ్చేవాడు. ఎక్కడో ఆగేవాడు. "ఇక్కడింకా గరుకుంది" అనేవాడు. ఉండేది. ఆ ఇంట్లో కంచంలోకి అన్నం వచ్చేది ఆ మూడు వేళ్ళ మీదే. ఆ మాట అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

అన్నం వేళ దాకా ఎగతాళి, అన్నం దగ్గర ఎగతాళి, ఆ తర్వాత ఎగతాళి. ఒకణ్ణొకడు తిట్టుకోని పూట లేదు. వింటూ పని చేస్తుంటే నాకు కూడా పొద్దు తెలిసేది కాదు.

ఆ దసరాకి ఆయుధపూజ మార్కండేయులే చేశాడు. రంపాలకీ, ఉలులకీ, బాడిసలకీ బొట్లు పెట్టాడు. నా దగ్గరికొచ్చాడు. మోటారుకి పెట్టాడు, బెల్టుకి పెట్టాడు. చక్రం నడిమధ్యన ఇంత కుంకుమ పెట్టాలని పట్టుదల. బల్ల అడ్డమొచ్చింది. పానా తెచ్చి రెండు బోల్టులూ విప్పి, బల్ల ఊడదీసి పక్కన పెట్టాడు. తనివితీరా అలంకరించాడు. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ దణ్ణం పెట్టాడు. అబద్ధమెందుకు, నాకు కూడా బాగానే అనిపించింది.

అయ్యా, ఒక్కటి మీరు తెలుసుకోవాలి. నా బల్లకీ చక్రానికీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు కూడా ఉండకూడదు. ఉంటే, తిరిగే చక్రం చెక్కని ఆ సందులోకి లాగేస్తుంది. చెక్కని పట్టుకున్న చేతిని కూడా దాంతోపాటే లాగుతుంది.

బల్ల తిరిగి బిగిస్తుండగా ఇంట్లోంచి కనకరత్నం కేకేసింది. "ఏవండీ, పులిహోర చల్లారిపోతంది. రండి, తమ్ముడు కూడా కూర్చున్నాడు!" మార్కండేయులు బల్లని ఉన్నచోట ఉన్నట్టు ఆనించి, బోల్టులు తగిలించి, రెండు తిప్పులు తిప్పి వెళ్ళిపోయాడు. చక్రానికీ బల్లకీ మధ్య బొటనవేలు దూరేంత ఖాళీ ఉండిపోయింది. రేపు చూసుకుందాం అనుకున్నాడు కాబోలు.

మర్నాడు విజయదశమి. కొత్త పని మొదలుపెట్టడానికి మంచిరోజు. ఎవరో పూజగదికి చిన్న టేకు మందిరం అడిగితే దాని కాళ్ళు గుండ్రంగా తియ్యడానికి ధర్మలింగం నా ముందు నిలబడ్డాడు. బెత్తెడేసి ముక్కలు. స్విచ్చి మీద చెయ్యి వేస్తూ అడిగాడు.

"బావా, బల్ల తీసేవుగా నిన్న. బిగించేసేవా?"

"ఆఁ ఆఁ, అంతా అయిపోయింది. నువ్వు కానీ" అన్నాడు మార్కండేయులు, రంపానికి పదును పెట్టుకుంటూ, తలెత్తకుండా.

అడిగాక మళ్ళీ వంగి చూస్తే బావని అనుమానించినట్టవుతుంది. ధర్మలింగం వంగి చూడలేదు.

ముక్క అలా ఆనిందో లేదో తలకిందులై సందులోకి పోయింది. వెంట చెయ్యి పోయింది. రంపం కోస్తుంది, నేను కొయ్యను, అరగదీస్తాను. ఆ తేడా ఎంతటిదో నేనిక్కడ చెప్పలేను. ధర్మలింగం అరిచిన అరుపుకి మార్కండేయులు ఒక్క అంగలో వచ్చి స్విచ్చి ఆపాడు. ఆపాడు గాని నేను ఆగొద్దూ! అంత బరువు చక్రం, తిరుగుతూనే ఉంది. మెల్లిగా, తీరిగ్గా, ఎవరి మాటా విననట్టు తిరుగుతూనే ఉంది. ఏ బరువు చూసి నన్ను కొన్నారో ఆ బరువే నన్ను ఆగనివ్వలేదు. ఆగాలని నాకెంత ఉందో దేవుడికే తెలియాలి. ఆ కాసేపటిలోనే మూడు వేళ్ళూ అయిపోయాయి.

రాజమండ్రి ఆసుపత్రి నుంచి బొటనవేలితో, చిటికెన వేలితో ఇంటికొచ్చాడు. మధ్యలో ఏమీ లేదు, కట్టు ఉంది.

ఊరంతా వచ్చింది. ఎలా జరిగింది, ఎలా జరిగింది అని ఒకటే ప్రశ్న. మార్కండేయులు గుంజకి ఆనుకుని, నేలకేసి చూస్తూ, "ఇనుము బలి కోరిందండి" అన్నాడు. మొదట ఆ మాట అన్నది అతనే. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గాని, మద్దెలకి కనీసం వేళ్ళు తిన్న పేరు రాలేదు. ఇక ఊరికి ఆ మాట చాలు. ఒకాయన వచ్చి నన్ను ఈశాన్యంలో పెట్టడమే తప్పన్నాడు. నలుగురు పట్టి నన్ను నైరుతికి జరిపారు. ఇంకొకరు దిష్టి అన్నారు. వాళ్ళింట్లో కోడిని కొయ్యరు కాబట్టి, గుమ్మడికాయ కోసి కుంకుమ నింపి నా ముందు పగలగొట్టారు. నిమ్మకాయలు కట్టారు. మిరపకాయలు కట్టారు. నేను నెత్తురు అడగలేదురా నాయనా, పానాతో రెండు తిప్పులు అడిగాను అని ఎలా చెప్పను? ఆ సందు అలాగే ఉంది. గుమ్మడికాయ కోసినవాడి మోకాలికి మూరెడు దూరంలో ఉంది. ఒక్కడు చూస్తే ఒట్టు.

కనకరత్నం నన్ను తిట్టిన తిట్లకి లెక్కలేదు. "నా తమ్ముడి అన్నం తిన్నావు కదే, ముదనష్టపు దానా" అని నా మీద చీపురు విసిరింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. పెంచిన చేతులు కదా, ఎవరో ఒకరిని తిట్టాలి.

ధర్మలింగం రోజూ షెడ్డుకి వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఒకసారి ఎడంచేత్తో ఉలి పట్టి గజలక్ష్మిని మొదలెట్టాడు. ఏనుగు తొండం విరిగిపోయింది. ఉలిని తుడిచి, దాని చోటులో పెట్టేసి, మళ్ళీ ముట్టుకోలేదు. మార్కండేయులు అతనికి అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టేవాడు, చొక్కా గుండీలు పెట్టేవాడు. "తిను నాయనా" అనేవాడు. "చాల్లే బావా, నువ్వు కూడా తిను" అనేవాడు ఇతను. ఎగతాళి లేదు, తిట్టు లేదు. బావా బావమరుదులు మర్యాదగా మాట్లాడుకోవడం కంటే అమంగళం ఇంకొకటి ఉంటుందా? ఆ మర్యాద వింటుంటే నాకు భయమేసేది.

చివరికి నన్ను అమ్మేశారు. పెరవలి నుంచి నూకరాజు అనే వడ్రంగి ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. సంగతి విన్నాడు గాని, నిమ్మకాయలు తనూ కడతాడట, చాలట. అతను చక్రాన్ని నిమిరి, బల్ల మీద చేతులాన్చి, "మంచి బరువుందండి" అని మురిసిపోతుంటే ధర్మలింగం పీట మీద నుంచి లేచాడు.

"ఆగండి. బావా, పానా ఇలా ఇయ్యి."

మార్కండేయులు మొహంలో నెత్తురు చుక్క లేదు. పానా తెచ్చాడు గాని చేతికివ్వలేదు. "నేను బిగిస్తాన్రా. నువ్వు కూర్చో" అన్నాడు.

"వద్దు బావా. ఈసారి నేను చూసుకుంటా."

గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడంచేత్తో బోల్టు వదులు చేసి, భుజంతో బల్లని చక్రం దాకా నెట్టి, మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. పానా జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. మిగిలిన ఆ రెండు వేళ్ళతో బల్ల కదలకుండా పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పాడు. ఎన్నో నెలలుగా తెరుచుకుని ఉన్న ఆ సందు మూసుకుపోయింది.

మార్కండేయులు అక్కడే కూలబడిపోయాడు. ఎంతటి మనిషి, గోనెసంచిలా కూలాడు. "ఒరే లింగం, ఆ వేళ నేను… నువ్వడిగితే నేను…" అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"మెల్లిగా" అన్నాడు ధర్మలింగం. "అక్క ఇంట్లోనే ఉంది."

అప్పుడు తెలిసింది నాకు. అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఆసుపత్రిలో తెలుసు, గుమ్మడికాయ పగలగొట్టినప్పుడు తెలుసు, బావ కలిపిన ప్రతి ముద్దా తెలిసే మింగాడు. మూడు వేళ్ళు పోతే ఒక చెయ్యి పోతుంది. నోరు విప్పితే అక్క కాపురం పోతుంది. అందుకని నోరు మూసుకున్నాడు.

ఏడుపు విని కనకరత్నం చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఏవైందిరా? మీ బావ అలా ఏడుస్తున్నారేంటి?"

ధర్మలింగం పానాని గోడకి తగిలించాడు. "ఏం లేదక్కా. మిషను పోతందని బెంగ. ఎంతైనా తను ఏరి తెచ్చుకున్నది కదా."

"పోనీ, పీడా విరగడవుద్ది!" అంది ఆమె. పమిట చెంగుతో మొగుడి మొహం తుడిచింది. "ఇనప ముక్క కోసం ఏడుస్తారా ఎవరైనా, లేవండి. అన్నం పెడతాను. నువ్వు కూడా రారా తమ్ముడూ."

ముగ్గురూ లోపలికి వెళ్ళారు. నూకరాజు మనుషులు నన్ను ఆటోలోకి ఎక్కించారు.

ఇప్పుడు పెరవలిలో ఉన్నాను. పని చేస్తున్నాను, నిమ్మకాయలు ఎండుతున్నాయి, కొత్తవి కడుతున్నారు. వేళ్ళు తిన్నదాన్నని ఇక్కడ కూడా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఉండబట్టలేక మీకు చెప్పాను. మీరు ఎప్పుడైనా నిడదవోలు వైపు వెళితే, కాలవ గట్టున ఆ ఇంటి ముందు ఆగితే, కనకరత్నం నన్ను తిడుతూ వినిపిస్తే, అవునమ్మా అనండి. ఆవిడకి మాత్రం చెప్పకండి.