శుక్రవారం ఉత్తరం

అది మే పదకొండు, బల్గేరియాలో గ్రంథాలయ ఉద్యోగుల పండుగ. ఆ మధ్యాహ్నం అందరూ గొర్రెపిల్ల మాంసం చారు, ఉల్లికాడలు, ఎర్రముల్లంగి, గడ్డపెరుగు, ఆఖర్న బనిత్సా తిన్నారు. బనిత్సా చేసింది రాలిత్సా. చీకటితో లేచి, పిండిని అవతలివైపు కనబడేంత పల్చగా సాగదీసి, పొరపొరకీ మధ్య వెన్న రాసి చీజ్ చల్లి కాల్చింది. వేడి పళ్లేన్ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. తమ పండుగకి తామే వండి తెచ్చుకోవడం ఆ జిల్లా గ్రంథాలయంలో ఆడవాళ్ల ఆనవాయితీ. డైరెక్టరుగారు మాత్రం ఇంట్లో దించిన పళ్ల సారా, రకియా, ఒక సీసా తెస్తారు. దానికి పళ్లు ఏరింది ఆయన భార్య అని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

భోజనాల మధ్యలో డైరెక్టరుగారు గ్లాసు పట్టుకుని లేచారు.

"మన రాలిత్సా ఇన్నేళ్లుగా ప్రేమకొద్దీ ఒక పని చేస్తోంది. దానికిప్పుడు మంచిరోజులొచ్చాయి. శుక్రవారం ఉత్తరం ఇకనుంచి మన జిల్లా అధికార పత్రిక! నిధులొచ్చాయి, సంపాదకుడు కూడా వచ్చాడు. మన వెసెలిన్!" చప్పట్లు మోగాయి. "రాలిత్సా ఎప్పటిలాగే విషయం అందిస్తుంది. ఏం రాలీ, అంతేగా?"

అందరితోపాటు రాలిత్సా కూడా చప్పట్లు కొట్టింది. చేతులింకా వెన్న వాసన వేస్తున్నాయి. బనిత్సా పళ్లెం చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చేసరికి అంచు ముక్కలే మిగిలాయి. పోనీలే, అంచులే కరకరలాడతాయి, అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు.

వెసెలిన్ చెడ్డవాడేం కాదు. నలభై దాటిన మనిషి, కంప్యూటర్ల గదిలో ఉంటాడు, ఎవరైనా ఎదురైతే తలుపు తెరిచి పట్టుకుంటాడు. అదే ఆమెకు కష్టమైంది. చెడ్డవాడైతే ఇంటికెళ్లి హాయిగా తిట్టుకునేది.

శుక్రవారం ఉత్తరం పుట్టింది రాలిత్సా వంటింట్లో. కొండల్లో ఊరూరా ఒక చితాలిష్టే ఉంటుంది. ఊరి చదువుల ఇల్లన్నమాట. ఒక పక్క నాటకాల వేదిక, ఇంకో పక్క పుస్తకాల గది, ఆ గదికి ఒక మనిషి. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే, ఆమెది సగం ఉద్యోగమే, సగం పూటకి సగం జీతం. రాజధానిలో కొత్త పుస్తకాలకు నిధులు ప్రకటించినా, జీతాల నిబంధన మార్చినా, ఆ కబురు కొండెక్కేసరికి గడువు దాటిపోయేది. ఆ ఊళ్ల గ్రంథాలయాల మంచిచెడ్డలు చూడటం రాలిత్సా ఉద్యోగం. కానీ ఆఫీసులో పగలంతా నివేదికలకే సరిపోయేది. అందుకని గురువారం సాయంత్రాలు, గిన్నెలు కడిగాక, బల్ల తుడిచి ఉత్తరం రాసేది. "అమ్మాయిలూ, కొత్త పుస్తకాలకు దరఖాస్తులు తీసుకుంటున్నారు. నాలుగో గడి చూసి బెదిరిపోకండి. మీ ఊళ్లో పిల్లలెందరని అడుగుతున్నారు, అంతే. ముద్ర వెయ్యకుండా పంపితే మూత బిగించకుండా పచ్చడి సీసా దాచినట్టే." పొద్దున్నే అది వాళ్లవాళ్ల ఫోన్లకి పంపేది. ఫోను అందని ఊళ్లకి కాగితం మీద అచ్చు తీసి బస్సు డ్రైవరు చేతికిచ్చేది.

ఆ ఉత్తరానికి జవాబులు కూడా బస్సులోనే వచ్చేవి. సోమవారం బస్సులో సీసాలు దిగేవి. కాల్చిన ఎర్రమిరపపళ్ల పచ్చడి లుతెనిత్సా, ఆల్‌బుఖారా జామ్, తేనె, ఒక్కోసారి గడ్డిలో సర్దిన గుడ్లు. మూత మీద ఊరి పేరు. అవన్నీ వంటింటి తలుపు దగ్గర చెక్కపెట్టెలో ఉండేవి. ఆ పెట్టె తలుపుకి అడ్డుండటం వల్ల తలుపు ఏనాడూ మూసుకునేది కాదు. ఒకందుకు అదీ మంచిదే. ఎవరు ఎక్కణ్ణుంచి పిలిచినా ఆమెకు వినబడేది. ప్రతి గురువారమూ పిలిచేవారు. "రాలీ, నా కళ్లజోడెక్కడ?" "రాలీ, టీ పడతావా, లేక నీ పత్రికే ముఖ్యమా?" భర్త క్రస్త్యో నవ్వుతూనే అనేవాడు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుంది మా ఆవిడ సంగతి. ఊళ్లో వాళ్లందరికీ ఉత్తరాలు, నా చొక్కాకి మాత్రం గుండీ లేదు." అంటూనే లుతెనిత్సా రొట్టెకి దట్టంగా పూసుకుని తినేవాడు. అత్తగారు దోనా వేరే విధంగా అనేది. "రోజంతా కుర్చీలో కూచుంటావు, ఇంటికొచ్చి మళ్లీ కుర్చీలోనే కూచుంటావు. నడుము పట్టుకోదుటే?" అందులో దెప్పు ఎంతో దయ ఎంతో రాలిత్సాకు ఎన్నడూ తేలలేదు.

పండుగ తర్వాతి గురువారం ఆమె ఎప్పటిలాగే రాసి, వెసెలిన్‌కు పంపింది. శుక్రవారం అతని పత్రిక వెలువడింది. రంగులతో, జిల్లా ముద్రతో, పైన అతని పేరుతో అందంగానే ఉంది. 'అమ్మాయిలూ' అన్న మాట తీసేసి 'గౌరవనీయ సహోద్యోగులకు' అని పెట్టాడు. సరే, అనుకుంది.

సోమవారం బస్సొచ్చింది. ఒక్క సీసా దిగలేదు.

"ఏమ్మా, మీ చెల్లెళ్లంతా అలిగారా?" అన్నాడు డ్రైవరు.

బుధవారం పైఊరి నుంచి గీనా ఫోన్ చేసింది. "రాలీ అక్కా, ఒంట్లో బాగుందా? ఉత్తరం రాలేదేం? మేమంతా నీకు జబ్బు చేసిందనుకున్నాం. పరామర్శకి ఎవరెళ్లాలా అని వాదించుకుంటున్నాం."

"వచ్చిందిగా గీనా, కొత్త పత్రిక?"

"ఏ పత్రిక? ఎక్కడికి?"

ఫోన్ పెట్టేసి వాకబు చేస్తే తెలిసింది. వెసెలిన్ దాన్ని చితాలిష్టేల అధికారిక ఈమెయిల్ చిరునామాలకు పంపాడు. కాగితం మీద అది సరైన పనే. కానీ ఆ మెయిళ్లు తెరిచేది ఊరి పెద్దల గుమస్తాలు, అదీ పన్నుల కాలంలో. పుస్తకాల గదిలో ఆడమనిషి ఉంటుందనీ, ఆమెకొక ఫోనుంటుందనీ ఏ జాబితాలోనూ లేదు. ఆ సంగతి రాలిత్సాకు తెలుసు. ఆమెనెవరూ అడగలేదు. ఆ సంచికలోనే ఉంది, సగం ఉద్యోగాలను పూర్తి ఉద్యోగాలు చేసుకోవడానికి దరఖాస్తుల కబురు. గడువు వచ్చే సోమవారం. గీనా ఆ కబురు కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూస్తోందో రాలిత్సాకు తెలుసు. సగం జీతంతో, చలికాలం కట్టెలు తానే మోసుకొచ్చి పొయ్యి రాజేసి, పిల్లలకి కథలు చదివే మనిషి.

గురువారం సాయంత్రం గిన్నెలు కడిగి, బల్ల తుడిచి, రాలిత్సా ఊరికే కూచుంది. రాస్తే వెసెలిన్ పేరుతో పోతుంది, మళ్లీ గుమస్తాల మెయిళ్లలో పడుతుంది. రాయకపోతే గీనా, ఆమెలాంటి అమ్మాయిలంతా మునుగుతారు. ప్రేమకొద్దీ చేస్తోంది, అన్నారు డైరెక్టరుగారు. నిజమే. ప్రేమ లేకపోతే ఇన్ని గురువారాలు ఎవరిస్తారు? కానీ ప్రేమ ఉందని తెలిసినచోట ఇంకేమీ ఇవ్వక్కర్లేదని ఎవరు నేర్పారు వీళ్లకి? బనిత్సాకీ అంతే, గుండీలకీ అంతే, ఉత్తరానికీ అంతే. ప్రేమగా చేసినవన్నీ వాటంతటవే జరిగిపోయినట్టు లెక్క. కోపం రాలేదామెకు. కోపం వచ్చుంటే నయం, వెచ్చగా ఉండేది.

దోనా లోపలికొచ్చి, గిన్నెలో పెరుగు వేసుకుని, నిలబడే ఉంది.

"ఏమయింది, పోయినవారం నా కాగితాలు లేవు?"

"ఏ కాగితాలు, అత్తయ్యా?"

"అవేనే, నువ్వు అచ్చుతీసి పాడయ్యాయని పక్కన పడేస్తావే. బీరువాల్లో సీసాల కింద పరుస్తాను చూడు. పరిచేముందు చదువుతాను." చెంచా నాకింది. "ఆ గీనా పిల్లకి పూర్తి ఉద్యోగం అయిందా లేదా? పోయిన చలికాలం నుంచీ ఆలోచిస్తున్నాను."

రాలిత్సా అత్తగారి ముఖంలోకి చూసింది. తర్వాత ఒక్కొక్కటిగా అంతా చెప్పింది. చప్పట్ల సంగతీ, తన పేరు అడగాలనిపిస్తున్న సంగతీ కూడా.

దోనా కుర్చీ లాక్కుని కూచుంది. "నేను పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ పొగాకు దండలు గుచ్చాను. సూది చూడకుండా గుచ్చేదాన్ని. సహకార సంఘంలో అదంతా మా మామగారి పేరు మీద ఉండేది. ఇంటిపెద్ద కదా! పింఛనుకి వెళితే, అమ్మా మీరెక్కడ పనిచేశారన్నాడు అక్కడి గుమస్తా. చేతులు చూపించాను. నవ్వాడు." వేళ్లు ఒకసారి చూసుకుంది. "అప్పుడు అడగాలని నాకు తోచలేదే. నీకు తోచిందిగా."

ఫోన్ మోగింది. వెసెలిన్. "రాలిత్సా గారూ, విషయం ఎప్పుడు పంపుతారు?"

"ఈసారి పంపను. నేనే రాసి నేనే పంపుతాను."

"అయ్యో... మరి నా పేరు?"

"నువ్వు రాసినదానికి నీ పేరు పెట్టుకో నాయనా. ఎవరొద్దన్నారు?"

"నిజం చెప్పొద్దూ," అన్నాడు వెసెలిన్ మెల్లగా, "ఆ సగం ఉద్యోగాల సంగతి నాకు అర్థం కాలేదండీ. చెప్తే నవ్వుతారని ఊరుకున్నాను."

"ఆఫీసుకి రా, చెబుతాను," అంది. ఆమె గొంతులో నవ్వు దానంతటదే వచ్చింది.

రాయడం మొదలుపెట్టింది. "అమ్మాయిలూ, పూర్తి ఉద్యోగాలకు సోమవారమే గడువు. అన్నీ పక్కనపెట్టి ఈ కాగితాలు సిద్ధం చెయ్యండి. గీనా, ముందు నువ్వు." ఏమేం కావాలో, ఏ గడిలో ఏం రాయాలో అంతా చెప్పి, ఆఖర్న ఒక్క క్షణం ఆగి, ఇలా రాసింది. "ఈ ఉత్తరం ఇన్నేళ్లూ మా వంటింట్లో, గిన్నెలు కడిగాక రాశాను. వచ్చే వారం నుంచి ఆఫీసులో, నా బల్ల దగ్గర, పనివేళల్లో రాస్తాను. కింద నా పేరుంటుంది. అలా కుదరదని ఎవరైనా అంటే ఉత్తరం రాదు. ఎందుకు రాలేదో మీకు ముందే తెలియాలని చెబుతున్నాను. రాలిత్సా." పంపవలసినవాళ్ల వరసలో, అందరికన్నా పైన, డైరెక్టరుగారి పేరు చేర్చింది.

ముందుగదిలోంచి కేక వినబడింది. "రాలీ! నా కళ్లజోడెక్కడ?"

రాలిత్సా అలవాటుగా లేవబోయింది. దోనా ఆమె భుజం మీద చెయ్యేసి కూచోబెట్టింది.

"నీ ముక్కు మీద చూసుకో! నీ ముక్కు మీద లేకపోతే లేనట్టే!" అని కేకేసింది కొడుకుని. "ఇలా వచ్చి ఈ పెట్టె పట్టుకో."

క్రస్త్యో వచ్చాడు. కళ్లజోడు ముక్కు మీద కాదు, నుదుటి మీద ఉంది. వంగి చెక్కపెట్టె ఎత్తబోయి, మూతల మీది ఊళ్ల పేర్లు మొదటిసారి చదివాడు. ఒకటి తిప్పి చూశాడు, ఇంకోటి తిప్పి చూశాడు.

"ఇవన్నీ ఈ ఉత్తరాలకా?"

"మరి ఆకాశంలోంచి ఊడిపడ్డాయనుకున్నావా, ఇన్నాళ్లూ మింగావుగా?"

అతను పెట్టెను గుండెలకి ఆనించుకుని, సీసాలు చప్పుడవకుండా, జాగ్రత్తగా ముందుగదిలోకి మోసుకెళ్లాడు. గుమ్మం దగ్గర ఆగి, "చొక్కా గుండీ..." అని, తల్లి ముఖం చూసి, "నేనే కుట్టుకుంటాలే," అన్నాడు.

"కుట్టుకో. అమ్మాయి పనిలో ఉంది," అంది దోనా.

ఆ ఇంట్లో దాన్ని పని అన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. రాలిత్సా తలెత్తేసరికి, ఇన్నేళ్లూ కదలని ఆ తలుపు కిర్రుమనకుండా భుజంతో ఎత్తి పట్టుకుని, ముసలావిడ బయటి నుంచి మెల్లగా మూసి వెళ్లింది.