కిటికీలు మూసిన ఇల్లు

నగరిలో మరమగ్గం ఆడే ఇంట్లో మనిషి గొంతు దేనికీ కొరగాదు. చెంగల్రాయుడి ఇల్లు అలాంటిదే. ముందు గదిలో రెండు మగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటాయి. లోపలి గదిలో మంచం పట్టిన అతని తల్లి కుప్పమ్మ నీళ్లకని పిలిస్తే కొడుక్కీ వినబడదు, కోడలు లీలావతికీ వినబడదు. ముసలామె అరిచి అరిచి ఊరుకునేది.

దీనికి మందు కనిపెట్టామన్నారు తిరుపతిలో ఒక చిన్న కంపెనీవాళ్లు. మంచం పక్కన గోడకు ఒక మీట. నొక్కితే మగ్గం పైన ఎర్రదీపం వెలుగుతుంది. మీటకు తీగ అక్కర్లేదు, బ్యాటరీ మార్చే పనీ లేదు. గదిలో ఉన్న వెలుతురుతోనే నడిచే చిన్న సోలార్ పలక దానికి ఉంటుంది. మంచి ఆలోచనే, కాదనను. ఇంజనీరు ప్రశాంతి స్వయంగా వచ్చి గదిలో వెలుతురు మీటరుతో కొలుచుకుని పోయింది. ఆ కొలతకు తగ్గట్టే పలక చేయించింది.

బిగించిన వారానికే మీట చచ్చింది. ఆ రోజు కుప్పమ్మ నొక్కింది, మళ్లీ నొక్కింది. ఎవరూ రాలేదు. చెంబు అందుకోబోయి మంచం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. లీలావతి ఫోన్ చేస్తే కంపెనీ యజమాని ప్రతాప్, "కిటికీలు తెరిచి పెట్టుకోండమ్మా" అని పెట్టేశాడు. ఇంతకంటే తేలికైన మాట ఇంకేముంటుంది!

సంగతి తెలిసి ప్రశాంతి చెప్పకుండా బయల్దేరి వచ్చింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మీటరులో అడుగంటిన అంకె చూసి ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమన్నా, పట్టపగలు కిటికీలెందుకు మూసినారు?"

"గాలి కొడితే నూలు ఆరిపోయి తెగతాదమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. "ఎప్పుడూ మూసే ఉంటాయి."

"మరి నేను కొలిచిన పొద్దు?"

"నువ్వొస్తానంటివి గదా. మగ్గాలు ఆపి, కిటికీలు తీసి, లైట్లన్నీ ఏసినాము. ఇంటికొచ్చినోళ్లని సీకట్లో కూసోబెడతామా?"

"ఒక్క మాట చెప్పకూడదా అన్నా?"

"నువ్వు అడగలేదు గదమ్మా."

ప్రశాంతి ఫోన్ తీసి ప్రతాప్‌కు చెప్పింది. ఆ అలవాటు మార్చుకోమని వాళ్లకు చెప్పమన్నాడాయన.

"అది అలవాటు కాదు సార్, వాళ్ల కూడు" అని ఆమె ఫోన్ పెట్టేసింది. కోపం ఆయన మీద కొంత, తన మీదే ఎక్కువ.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుప్పమ్మ అంది: "పాపా, సుట్టంగా వస్తే నీకు మా మర్యాద కనబడతాది. మా బతుకు సూడల్లంటే మగ్గం ఆడేటప్పుడు రావల్ల."

ప్రశాంతి మీట ఊడదీసి సంచిలో వేసుకుంది. సాయంత్రం దాకా ఆ మూసిన గదిలోనే కూర్చుని గంట గంటకూ వెలుతురు రాసుకుంది. ఆ పూటలో అవ్వ మూడుసార్లు నీళ్లడిగింది. మూడుసార్లూ కొడుక్కి వినబడలేదు. ప్రశాంతే లేచి ఇచ్చింది.

కష్టజీవుల ఇంటికి వస్తువు చేసే పెద్దలారా, ముందు ఆ ఇంట్లో పని జరిగే రోజంతా ఒక మూల కూర్చోండి. అంత ఓపిక లేకపోతే, వాళ్ల పేరు చెప్పి ఏదీ చేయకండి.